అడవి తరుగు సున్నా అంటే అడవి ఉన్నట్టా, అయిపోయినట్టా?

లెక్కల_సీతయ్య · ఆదివారం ఉదయం 7:12

అందరికీ నమస్కారం. ఏలూరులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. ఈసారి సెమినార్‌కి చిన్న ద్వీప దేశాల అడవుల మీద అంశం ఇచ్చాను. అడవి తరిగిపోవడం వల్ల ఏ దేశానికి ఎంత నష్టమో పోల్చి చూపించాలి.

ప్రపంచ బ్యాంకు పట్టికల్లో 'నికర అటవీ తరుగు' అని ఒక వరుస ఉంటుంది. ఏడాదిలో అడవి పెరిగినదానికంటే ఎంత ఎక్కువ కలప కొట్టారో చూసి, ఆ ఎక్కువకు ఖర్చులు పోను మిగిలే విలువ కట్టి, దేశ ఆదాయంలో అది ఎంత శాతమో చెబుతారు. కొట్టినదానికంటే పెరిగిందే ఎక్కువైతే సున్నా వేసి వదిలేస్తారు.

ఆ లెక్కన సోలమన్ దీవులు ప్రపంచంలోనే పైవరుసలో ఉంటాయి. మారిషస్ సున్నా దగ్గర ఉంటుంది. మా క్లాసులో ఒకమ్మాయి 'మారిషస్ తన అడవిని చక్కగా కాపాడుకుంటోంది' అని రాసుకొచ్చింది. చదివితే ఏదో తేడాగా అనిపించింది గానీ, కాదని చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. పట్టిక చూస్తే ఆ అమ్మాయి రాసింది తప్పు కాదు మరి. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నల్లగొండ_నవీన్ · ఆదివారం ఉదయం 7:50

తరుగు అనంగానే మా ఊరి కంసాలి యాదికొచ్చిండు సార్. ఆయన లెక్కలో కూడా తరుగు ఎప్పుడూ ఆయన చెప్పిందే.

కొరంగి_మనవడు · ఆదివారం ఉదయం 9:40

మాస్టారూ, మా దేశాన్ని మెచ్చుకున్నందుకు ఆ అమ్మాయికి నా తరఫున థ్యాంక్స్ చెప్పండి. మార్కులు మాత్రం వేయకండి.

నేను మారిషస్‌లోనే పుట్టాను, ఐదో తరం. తెలుగు బడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మా దగ్గర తరుగు సున్నా ఎందుకంటే, తరగడానికి మిగిలింది లేదు కాబట్టి.

డచ్చివాళ్లు 1638లో ఇక్కడ స్థావరం వేసుకున్నారు. వాళ్లకు కావలసింది ఎబొనీ, నల్లటి చేవ ఉన్న చెట్టు. 1710లో దీవి వదిలి పోయేలోపు తీరం దగ్గర అందినంత కొట్టేశారు. డోడో పక్షి కూడా వాళ్ల హయాంలోనే పోయింది. తర్వాత ఫ్రెంచివాళ్లు, 1810 నుంచి బ్రిటిష్‌వాళ్లు. అసలు దెబ్బ పందొమ్మిదో శతాబ్దంలో చెరకుతో పడింది. 1834 నుంచి ఇండియా కూలీలను ఓడల్లో తెచ్చి తోటల్లో దించారు. అందులో మావాళ్లూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి ఇక్కడ తెలుగువాళ్లకు 'కొరంగీలు' అని పేరు పడింది. పాత తరాలకు ఆ మాట నచ్చేది కాదు, నేను కావాలనే పెట్టుకున్నాను.

అంటే చెరకు కోసం అడవి నరికిన చేతుల్లో మా తాతల చేతులు కూడా ఉన్నాయి. ఎక్కడ నరకాలో నిర్ణయించింది వాళ్లు కాదు, అది వేరే సంగతి.

ఇప్పుడు మా దగ్గర మంచి స్థితిలో ఉన్న అసలు అడవి రెండు శాతం కంటే తక్కువ. మీ పట్టిక ఈ ఏడాది ఎంత పోయిందని అడుగుతుంది. వంద నుంచి మూడొందల ఏళ్ల కిందట పోయింది ఈ ఏడాది లెక్కలోకి ఎలా వస్తుంది?

లెక్కల_సీతయ్య · ఆదివారం ఉదయం 10:05

ఇదే, ఇదే నాకు అందకుండా ఉన్నది! ఆస్తి మొత్తం అమ్ముకున్నవాడు 'ఈ ఏడాది సెంటు భూమి కూడా అమ్మలేదు' అన్నట్టు ఉంది.

కానీ ఒక అనుమానం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2020 లెక్కల్లో మారిషస్ అటవీ విస్తీర్ణం 19 శాతం దాకా ఉంది కదా? మీరు రెండు శాతం అంటున్నారు.

కొరంగి_మనవడు · ఆదివారం ఉదయం 10:31

ఆ పంతొమ్మిదిలో ఎక్కువ భాగం నాటిన పైన్ చెట్లు, బయటి నుంచి వచ్చి కమ్ముకున్న పొదలు. చెట్టు కనబడితే అడవి కింద రాసుకున్నారు. సీజన్‌లో కొండల మీదికి వెళ్లి చైనా జామ కోసుకోవడం ఇక్కడ అందరికీ సరదా. చిన్న ఎర్ర జామ, పుల్లగా తియ్యగా ఉంటుంది. మా పిల్లలకు ప్రాణం. కానీ అసలు అడవిని తినేస్తున్నది ఆ చెట్టే. ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ మనుషులను పెట్టి కలుపు తీసినట్టు దాన్ని పీకిస్తున్నాయి. వరి చేలో కలుపు కాదండీ, అడవిలో కలుపు. ఆ కూలి ఏటా కట్టాల్సిందే. అది అటవీ తరుగు కింద పడదు, పర్యావరణ ఖర్చు కింద పడుతుంది.

1974లో మారిషస్ కెస్ట్రెల్ అనే డేగ జాతిలో అడవిలో మిగిలినవి నాలుగే. వాటిని గుడ్ల దశ నుంచి పెంచి వందల్లోకి తెచ్చారు. ఆ డబ్బు కూడా ఎప్పుడో కొట్టిన చెట్ల బాకీయే.

రేంజరు_తాత · ఆదివారం మధ్యాహ్నం 12:18

భద్రాచలం వైపు అడవుల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి దిగాను. బాబూ కొరంగీ, ఒక సంగతి తెలుసా? మీ ఎబొనీ, మా తునికి చెట్టు ఒకే కుటుంబం మాత్రమే కాదు, ఒకే ప్రజాతి కూడా: డయాస్పైరోస్. బీడీ ఆకు కోస్తామే, అదే. దాన్ని ఇంగ్లీషువాళ్లు కోరమాండల్ ఎబొనీ అన్నారు. తునికి చెట్టు కింద పుట్టినవాణ్ని ఓడ ఎక్కించి ఎబొనీ నరికిన నేల మీద దించారన్నమాట.

మాస్టారికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. మీ పట్టిక చెట్టును కలపగానే చూస్తుంది. మా డిపోలో కూడా అంతే, దుంగకు నంబరు, చుట్టుకొలత, ధర. కొండ మీద ఆ చెట్టు పట్టి ఉంచిన మట్టికి రిజిస్టరు లేదు. మన సుప్రీంకోర్టు 2008లో, అడవి భూమిని వేరే పనికి మళ్లిస్తే హెక్టారుకు ఇంత కట్టాలని రేట్లు పెట్టింది. రకాన్ని బట్టి 4.38 లక్షల నుంచి 10.43 లక్షల దాకా. అందులో కలపే కాదు, నీరు, మట్టి, కార్బన్ కూడా కలిపి విలువ కట్టే ప్రయత్నం ఉంది. ఆ రేటు చాలదని మాలో మేం అనుకునేవాళ్లం. అయినా ఏదో ఒక అంకె అంటూ ఉండటం మేలు. సున్నా కంటే నయం.

పసిఫిక్_పద్దు · ఆదివారం సాయంత్రం 6:02

సోలమన్ దీవుల పేరు చూసి లాగిన్ అయ్యాను. ఏడాది అయిందేమో ఇక్కడికి వచ్చి. అక్కడి రాజధాని హొనియారాలో మూడేళ్లు అకౌంట్స్ పని చేశాను. ఏ కంపెనీ అని అడగొద్దు.

ఒక దుంగ వంద రూపాయలకు అమ్ముడైందనుకోండి. స్థూలంగా కొట్టిన కంపెనీకి 60, ప్రభుత్వానికి ఎగుమతి సుంకం కింద 25, భూమి సొంతదారులకు 15. ఈ లెక్క అక్కడ అందరి నోటా వినిపిస్తుంది, రోడ్డు పక్క వక్కలమ్మే బల్లల దగ్గర కూడా. కంపెనీలు ఎక్కువగా మలేషియావి, దుంగలు పోయేది దాదాపుగా చైనాకు. దేశంలో భూమి ఎనభై శాతానికి పైగా తెగల ఉమ్మడి ఆస్తి. అమ్మాలంటే 'టింబర్ రైట్స్ హియరింగ్' అని ఒక సభ పెట్టాలి. ఆ భూమికి ఎవరు మాట్లాడగలరో అక్కడ తేలుస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది.

నేను చూసిందేమిటంటే, సంతకం పెట్టేది నలుగురైదుగురు మగవాళ్లు. గ్వాదల్‌కెనాల్, ఇసబెల్, మకీరా లాంటి చోట్ల భూమి హక్కు తల్లి వైపు నుంచి వస్తుంది. అయినా సభలో ఆడవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. ఆ 15 రూపాయలు ఆ నలుగురి చేతికి వస్తాయి, అక్కడి నుంచి ఊరికి ఎంత చేరుతుందో ఆ దేవుడికే ఎరుక. 'వన్‌టాక్' అని అక్కడ ఒక మాట ఉంది, ఒకే భాష మాట్లాడే మనవాడు అని. మనవాడు అడిగితే కాదనకూడదు. దాంతో డబ్బు వచ్చిన వారంలోనే పడవ ఇంజన్లు, బియ్యం బస్తాలు, బంధువుల ఫీజులు అయిపోతుంది. తప్పు పట్టడం లేదు, నా చేతికి వచ్చినా అదే చేస్తానేమో.

ఇక ఆ వందే వంద కాదు. దుంగను తక్కువ రకమని, తక్కువ ధరని చూపించి పంపితే సుంకం తగ్గుతుంది, అసలు లాభం వేరే దేశంలోని సోదర కంపెనీ పుస్తకాల్లో తేలుతుంది. మా వృత్తిలో దీనికి ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అని పేరు. ఇన్వాయిస్ చూస్తే అంతా శుద్ధంగానే ఉంటుంది.

2010ల మధ్యలో ఏటా ఇరవై లక్షల ఘనపు మీటర్లకు పైగా దుంగలు ఓడలెక్కాయి. అడవి తట్టుకోగలిగేది అందులో ఏడెనిమిదో వంతు ఉంటుందేమో. గ్లోబల్ విట్‌నెస్ సంస్థ అయితే 2018లో ఇంకా ఎక్కువగా, నిలబెట్టుకోగల స్థాయికి 19 రెట్లు కొడుతున్నారని లెక్క కట్టింది. ఏడు లక్షల జనాభా, కొన్నేళ్లలో ఎగుమతి ఆదాయంలో సగానికి పైగా దుంగలదే. మరి ప్రభుత్వం ఆపమంటే ఎలా ఆపుతుంది?

మడ_అడవి · ఆదివారం రాత్రి 8:15

పద్దు గారూ, చాలా బాగా చెప్పారు. దీనికి ఒక విచిత్రం జోడిస్తాను. అదే ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో సోలమన్ దీవుల అటవీ విస్తీర్ణం దాదాపు 90 శాతం! పటం చూస్తే పచ్చగా ఉంటుంది. పెద్ద చెట్లు తీసేసినా మిగిలినదాన్ని అడవి అనే రాస్తారు. కాబట్టి మాస్టారూ, విస్తీర్ణం పట్టిక చూస్తే సోలమన్ ఫస్ట్ క్లాసు, తరుగు పట్టిక చూస్తే ఆఖరు బెంచీ. మారిషస్ దానికి సరిగ్గా తిరగేసి. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి పిల్లలను కొట్లాడుకోనివ్వండి, సెమినార్ అదే నడుస్తుంది.

నేను కాకినాడలో తీరప్రాంత చేపల మీద పనిచేస్తాను. చిన్న దీవుల్లో అడవి ఖర్చు సముద్రంలో కనబడుతుంది. కొండ నిటారుగా ఉంటుంది, ఏరు పొట్టిది. మన గోదావరిలా మట్టిని దించుకోవడానికి వందల కిలోమీటర్ల దారి ఉండదు. కొండ మీద బుల్డోజర్ రోడ్డు వేస్తే ఆ మట్టి మొదటి వానకే పగడపు దిబ్బ మీద పడుతుంది. దుంగలను ఓడకెక్కించడానికి తీరంలో మడచెట్లు కొట్టి చదును చేసిన చోటు ఉంటుంది, దాన్ని లాగ్ పాండ్ అంటారు. ఆ నష్టం వేరే.

సోలమన్‌లోని కొలంబంగరా దీవి చుట్టూ పరిశోధకులు బంప్‌హెడ్ చిలకచేప పిల్లలను లెక్కించారు. నెత్తి మీద బొడిపె ఉండే పెద్ద చేప, అక్కడివాళ్లకు చాలా ఇష్టం. పైన నరుకుడు ఎక్కువ జరిగిన చోట్ల, కింద ఒడ్డు దగ్గర ఆ పిల్లలు పెరిగే తావులు పాడై అవి బాగా తగ్గాయని 2017లో ప్రచురించారు. దుంగ అమ్మినవాడు కొండ మీద ఉన్నాడు, చేప పోయినవాడు తీరంలో ఉన్నాడు. రెండోవాడికి ఆ పదిహేను రూపాయల్లో పైసా రాదు.

నల్లగొండ_నవీన్ · ఆదివారం రాత్రి 9:03

ఒక మాట అంటా, కోపం చేయకండి అక్కా. ఇవన్నీ వినడానికి బాగుంటయి. కానీ దవాఖాన లేని ఊర్లో చెట్టును చూసుకుంటూ కూర్చోమంటే ఎట్లా? యూరప్, అమెరికావాళ్లు వాళ్ల అడవులు కొట్టుకుని బాగుపడ్డరు. చెట్టు ఏడాదికి రెండు మూడు శాతం పెరిగితే గొప్ప. కొట్టి అమ్మి ఆ డబ్బు బ్యాంకులో వేస్తే ఏడు శాతం వడ్డీ వస్తది. ఎకనామిక్స్ ప్రకారం కొట్టడమే లాభం కదా సార్? సీతయ్య సార్ చెప్పాలె.

లెక్కల_సీతయ్య · ఆదివారం రాత్రి 9:47

నవీన్, నీ ప్రశ్న నిజంగా పుస్తకంలో ఉన్న ప్రశ్నే. వడ్డీ రేటు ఎంత వేసుకుంటామన్న దాని మీదే సగం తగాదా. యాభై ఏళ్ల తర్వాత అడవి ఇచ్చే వంద రూపాయల నీటిని ఈరోజు విలువలో చూడాలనుకో. పది శాతం వడ్డీతో లెక్కిస్తే అది 85 పైసలు. మూడు శాతంతో లెక్కిస్తే దాదాపు 23 రూపాయలు. అడవి అదే, నీళ్లు అవే. రేటు మార్చగానే 'నరుకు' అన్నది 'ఉంచు' అవుతుంది. అందుకే ఎవరైనా అడవికి ఇంత విలువ అని అంకె చెబితే నేను ముందు అడిగేది ఏ రేటు వేశారని.

ఇంకోటి. నువ్వు చెప్పింది జరగాలంటే డబ్బు నిజంగా బ్యాంకులో పడాలి. ఒక సహజ ఆస్తిని తీసేస్తే దాని బదులు ఇంకో ఆస్తి మిగలాలి, తిని కూర్చోకూడదు.

పసిఫిక్_పద్దు · ఆదివారం రాత్రి 10:20

బ్యాంకులో వేసినవాళ్ల కథ ఉంది నవీన్ తమ్ముడూ. నౌరు. 21 చదరపు కిలోమీటర్ల దేశం, మన మండలమంత కూడా ఉండదు. వాళ్లది కలప కాదు, ఫాస్ఫేటు. కానీ అది తీయాలంటే పైనున్న చెట్లు, మట్టి అన్నీ ఊడ్చేయాలి. దీవిలో నూటికి ఎనభై పాళ్లు అలా తవ్వేశారు, ఇప్పుడు అక్కడ మొనదేలిన సున్నపురాయి స్తంభాలే.

1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే మొదటి వరసలో ఉండేవాళ్లు. నువ్వు చెప్పినట్టే రాయల్టీ ట్రస్టు పెట్టారు. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు. లండన్‌లో ఒక సంగీత నాటకం మీద కూడా డబ్బు పెట్టారు, అది తుస్సుమంది. అప్పుల్లో కూరుకుపోయి 2004లో ఆ మేడ కూడా అమ్మేశారు. తర్వాత ఆస్ట్రేలియాకు వచ్చే శరణార్థులను తమ దీవిలో ఉంచుకోవడం పెద్ద ఆదాయ మార్గం అయింది.

నల్లగొండ_నవీన్ · ఆదివారం రాత్రి 10:24

నాటకం మీద పెట్టారా? మా బాబాయి చిట్టీల కంటే ఘోరం ఇది.

పోర్ట్‌బ్లెయిర్_పిల్లాడు · సోమవారం ఉదయం 6:30

దీవులు అంటున్నారు, మా గ్రేట్ నికోబార్ సంగతి ఎవరూ ఎత్తరేం? 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లిస్తున్నారు, దానికి బదులు మొక్కలు హర్యానాలో నాటతారట. సముద్రం మధ్యలో పోయిన వానాడవికి హర్యానాలో మొక్కలు!

మోడరేటర్ · సోమవారం ఉదయం 7:45

పిల్లాడు గారూ, అది పెద్ద అంశమే. దేశాల పోలిక మధ్యలో కలిపితే రెండూ పాడవుతాయి. విడిగా థ్రెడ్ పెట్టండి, లింకు నేనే ఇక్కడ పెడతాను.

గంజి_మెతుకు · సోమవారం ఉదయం 9:10

ఎవరూ హైతీ అనలేదు. అడవి పోతే దేశం ఏమవుతుందో చూపించే ఫొటో అదే కదా. ఒకే దీవిలో సరిహద్దుకు ఒకవైపు హైతీ బోడిగా, ఇంకోవైపు డొమినికన్ రిపబ్లిక్ పచ్చగా. అక్కడ మిగిలింది రెండు శాతం అడవేనట. బొగ్గు కోసం జనమే కొట్టుకున్నారు.

మడ_అడవి · సోమవారం ఉదయం 11:36

ఆ రెండు శాతం అంకె ముప్పై ఏళ్లుగా ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి కాపీ అవుతూ తిరుగుతోంది. ఆహార, వ్యవసాయ సంస్థ 2020లో చెప్పింది పన్నెండు పదమూడు శాతం. ఉపగ్రహ చిత్రాలతో చెట్ల నీడ లెక్కపెట్టినవాళ్లకు 30 శాతం దాకా వచ్చింది. అసలు పాత అడవిని మాత్రమే చూసినవాళ్లకు ఒక శాతం కూడా దొరకలేదు. ఏది అడవి అన్నదాన్ని బట్టి ఒకే నేలకు ఇన్ని అంకెలు.

'జనమే కొట్టుకున్నారు' అన్నది సగం మాటే. బానిసలు తిరగబడి ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకున్నారు. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, మా తోటలూ మా బానిసలూ పోయారు కాబట్టి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. తర్వాత 9 కోట్లకు తగ్గించారు. ఆ అప్పు, దానికోసం చేసిన అప్పు కలిపి 1947 దాకా తీరలేదు. ఆ దేశం ఎగుమతి చేయగలిగినవి కాఫీ, మహాగని, రంగు తీసే కంపెచీ చెక్క. అడవి ఎవరి అప్పు కోసం పోయిందో చూసి లెక్క రాయాలి.

గమ్మత్తేమిటంటే, ఇప్పుడు అక్కడ బొగ్గులో చాలా భాగం 'బయాహోండ్' అనే ముళ్ల చెట్టు నుంచి వస్తుంది. నరికితే మళ్లీ చిగురిస్తుంది. అది ఏంటో తెలుసా? మన సర్కారు తుమ్మ!

రేంజరు_తాత · సోమవారం మధ్యాహ్నం 1:05

ప్రోసోపిస్ జూలిఫ్లోరా. దాని పుట్టిల్లు అటువైపే అమ్మా. మన దగ్గర బొగ్గు బట్టీలన్నీ దాని మీదే నడుస్తాయి. మనం తిట్టుకునే చెట్టు వాళ్లకు అన్నం ఉడికిస్తోందన్నమాట.

గంజి_మెతుకు · సోమవారం మధ్యాహ్నం 2:20

సరే, రెండు శాతం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వరదల సంగతి? 2004 సెప్టెంబరులో జీన్ తుపానుకు హైతీలో దాదాపు మూడు వేల మంది చనిపోయారు, ఎక్కువ మంది గొనాయీవ్ అనే ఒక్క ఊళ్లో. అదే తుపానుకు డొమినికన్ వైపు ఇరవై మంది లోపే. ఇది అడవి తేడా కాదా?

మడ_అడవి · సోమవారం మధ్యాహ్నం 3:48

కొంత అవును. కానీ మొత్తం అడవి ఖాతాలో వేయలేం. హెచ్చరిక వ్యవస్థ, ఇళ్లు ఎక్కడ కట్టుకున్నారు, ప్రభుత్వం ఉందా లేదా, ఇవన్నీ ఉంటాయి. అదే ఏడాది మే నెలలో సోలియెట్ ఏరు హైతీ కొండల నుంచి దిగి, సరిహద్దు దాటి డొమినికన్ ఊరు జిమనీని రాత్రికి రాత్రి కొట్టుకుపోయింది. వందల మంది పోయారు. డొమినికన్ రిపబ్లిక్ 1967లో కలప మిల్లులు మూయించింది, వంటగ్యాస్‌కు సబ్సిడీ ఇచ్చి బొగ్గు మానిపించింది. తన అడవికి తాను ఖర్చు పెట్టుకుంది. పక్కింటి కొండ జారితే ఆ ఖర్చు అడ్డుపడలేదు.

అడవి వాటాను విడదీసి చూపగలిగిన మంచి పని మన పక్కనే జరిగింది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్లను పోల్చి, తీరంలో మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువని సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో చూపించారు. అలాంటిది చేయాలంటే ఊరూరి లెక్క కావాలి.

పసిఫిక్_పద్దు · సోమవారం రాత్రి 7:30

దీని మీద నాదీ ఒక సాక్ష్యం. 2014 ఏప్రిల్ హొనియారా వరదల్లో 22 మంది చనిపోయారు. నష్టం దేశ జీడీపీలో 9.2 శాతం అని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. నేను వెళ్లింది ఆ తర్వాత, కానీ మటనికో ఏటి గట్టున ఇళ్లు పోయిన ఖాళీలు అప్పటికీ కనబడేవి. ఆఫీసులో ఒకాయన 'ఇదంతా లాగింగ్ పుణ్యమే' అనేవాడు. ఇంకొకాయన 'ఏట్లో ఇల్లు కట్టుకుంటే ఏరు ఊరుకుంటుందా' అనేవాడు. ఆ ఏటి పైన కొండల్లో కూరతోటల కోసం కొట్టింది ఎక్కువ, ఎగుమతికి కొట్టింది వేరే దీవుల్లో ఎక్కువ. ఆ 9.2లో అడవి వాటా ఇంత అని నేను సంతకం పెట్టను. సున్నా అని కూడా పెట్టను.

రేంజరు_తాత · సోమవారం రాత్రి 8:40

సంతకం పెట్టగలిగిన చోటు ఒకటుంది, జలాశయం. అడుగున మట్టి కొలవొచ్చు. హైతీలో ఆర్టిబొనీట్ నది మీద 1956లో పెలీగ్రె డ్యామ్ కట్టారు. పైన కొండలు బోడివి కాబట్టి నీళ్లుండాల్సిన చోటు సగం దాకా మట్టే నిండింది. కరెంటు తగ్గింది, సాగు తగ్గింది. మన శ్రీశైలం 308 టీఎంసీలతో మొదలై 215కి వచ్చింది కదా, అది ఎంత పెద్ద నదో అందరికీ తెలుసు. హైతీకి ఉన్న పెద్ద డ్యామ్ అదొక్కటే. పోయిన టీఎంసీకి ధర కట్టడం మీ ఎకనామిక్స్‌వాళ్లకు కష్టం కాదనుకుంటాను.

ఇంకా చిన్న దీవుల్లో నీళ్లే పోతాయి. కొమొరోస్‌లో అంజువాన్ దీవి ఉంది. యాభై దాకా ఏడాదంతా పారే ఏర్లు ఉండేవట, ఇప్పుడు పదికి మించి లేవంటారు. సెంటు సీసాల్లోకి పోయే యలాంగ్ యలాంగ్ పూల నూనె అక్కడి నుంచే ఎక్కువ వస్తుంది. ఆ పూలు ఉడికించేది కట్టెల పొయ్యి మీదే.

లెక్కల_సీతయ్య · సోమవారం రాత్రి 9:55

తాతగారూ, దండం. నా పట్టికలో 'జలాశయంలో మట్టి' అని కాలమ్ పెట్టేశాను.

నేను కూడా ఒకటి తవ్వాను. టొబాగోలో మెయిన్ రిడ్జ్ అనే కొండ అడవిని 1776లోనే చట్టం చేసి కాపాడారు. కారణం ఏం రాశారో చూడండి: వానల కోసం! చెరకు తోటల యజమానులు పుణ్యానికి చేయలేదు, వాన తగ్గితే చెరకు పోతుందని భయం. బార్బడోస్‌లో ఇంగ్లీషువాళ్లు 1627లో దిగి కొన్ని దశాబ్దాల్లోనే దీవిని బోడి చేసి, చెరకు రసం కాచడానికి కట్టెల్లేక ఇంగ్లండు నుంచి బొగ్గు తెప్పించుకున్నారు. ఆ బొగ్గు బిల్లే అడవి ఖరీదు అని పిల్లలకు చెబుతాను. కంటికి కనబడే బిల్లు.

కొరంగి_మనవడు · సోమవారం రాత్రి 10:40

మాస్టారూ, మా దగ్గర కూడా టొబాగో కంటే ముందే ఒకడు చెప్పాడు. పియెర్ పువావ్ర్ అని ఫ్రెంచి పాలకుడు. 1769లో నియమం తెచ్చాడు: తోటకు భూమి తీసుకున్నవాడు నాలుగో వంతు అడవిగానే ఉంచాలి, నీళ్ల పక్కన నరకకూడదు. చెరకు ధర పెరిగాక ఎవడు పట్టించుకుంటాడు?

బిల్లు కావాలన్నారు కాబట్టి మాది కూడా ఇస్తాను. 1880ల తర్వాత, ఏర్లు ఎండిపోతున్నాయని బ్రిటిష్ ప్రభుత్వం కొండ భూములను తోటల యజమానుల దగ్గర తిరిగి కొనాల్సి వచ్చింది. మొదట ఉచితంగా ఇచ్చిన భూములే! అడవి లేకపోతే ఎంత ఖర్చవుతుందని ఎవరూ ఊహించి చెప్పనక్కర్లేదు, ఖజానా నుంచి డబ్బు కట్టారు. ఇక్కడి ఆర్కైవ్స్‌లో ఆ కాగితాలు ఉంటాయి. ఈ శనివారం వెళ్లి అంకె దొరుకుతుందేమో చూస్తాను.

నల్లగొండ_నవీన్ · మంగళవారం ఉదయం 8:15

మారిషస్ అన్న మాట బాగా దిగింది. కానీ నా దవాఖాన ప్రశ్నకు జవాబు రాలేదు.

మడ_అడవి · మంగళవారం ఉదయం 10:02

నీ ప్రశ్న న్యాయమైందే నవీన్. సమోవాలో సవాయి దీవి మీద ఫలెయలూపో అనే ఊరుంది. 1980ల చివర్లో బడి కట్టకపోతే టీచర్లను పంపేది లేదని ప్రభుత్వం చెప్పింది. డబ్బు లేక పెద్దలు ఏడుస్తూ అడవిని కలప కంపెనీకి రాసిచ్చారు. అక్కడ మందు మొక్కల మీద పనిచేస్తున్న పాల్ కాక్స్ అనే శాస్త్రవేత్త ఆ బడి డబ్బు తాను పోగుచేసి తెస్తానన్నాడు. 1989లో ఒప్పందం రాసుకున్నారు, అడవి ఆగింది. ముప్పై వేల ఎకరాల అడవికి ఆరోజు అడిగిన ధర ఒక బడి. నష్టం విలువ ఎన్నో కోట్లు అని లెక్క కట్టొచ్చు, కానీ అమ్మకం ధర అదే. నువ్వన్నట్టు ఊరికి కావలసింది ముందు ఎవరో ఒకరు ఇవ్వాలి.

సోలమన్‌లో కూడా షువజల్ దీవి మీద కొన్ని తెగలు దుంగలు అమ్మకుండా కార్బన్ క్రెడిట్లు (చెట్లను నిలబెట్టి కార్బన్ పట్టి ఉంచినందుకు బయటివాళ్లు డబ్బు కట్టే పత్రాలు) అమ్ముతున్నాయి, సిరెబె తెగ అందులో ముందు.

పసిఫిక్_పద్దు · మంగళవారం మధ్యాహ్నం 1:30

అవును, విన్నాను. ఒక్క తేడా ముఖ్యం. కార్బన్ డబ్బు కొద్దికొద్దిగా ఏటా వస్తుంది. దుంగ డబ్బు ఒక్కసారిగా కట్టగా వస్తుంది. హియరింగ్‌లో కూర్చున్నవాడికి ఆ కట్ట ముందు ఏడాదికోసారి వచ్చేది కనబడదు. సీతయ్య గారు చెప్పిన పది శాతం వడ్డీ అక్కడ పుస్తకంలో కాదు, మనిషి కళ్లలో ఉంటుంది.

లెక్కల_సీతయ్య · మంగళవారం రాత్రి 9:20

పట్టిక మార్చాను. అడ్డంగా సోలమన్, మారిషస్, హైతీ, డొమినికన్, కొమొరోస్, నౌరు. నిలువుగా మొదటి కాలమ్ ఏడాది తరుగు కాదు, 'అడవి ఎక్కువగా ఎప్పుడు పోయింది' అన్నది. తర్వాత ఎవరు అమ్మారు, ఆ డబ్బు ఎక్కడికి పోయింది, ఇప్పుడు బిల్లు ఎవరు కడుతున్నారు. బ్యాంకు అంకె ఆఖర్న. చాలా గడుల్లో అంకెలు లేవు, మాటలే ఉన్నాయి. ఎకనామిక్స్ హెడ్ చూసి 'ఇదేం టేబులండీ' అన్నారు, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఆ అమ్మాయికి ఈ థ్రెడ్ చదివి వినిపించాను. తన వాక్యం కొట్టేయలేదు, పక్కన 'ఏ సంవత్సరానికి?' అని రాసుకుంది. కొరంగి గారూ, శనివారం ఆర్కైవ్స్‌లో అంకె దొరికితే తప్పకుండా పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉంచాను.

కొరంగి_మనవడు · మంగళవారం రాత్రి 9:41

పెడతాను మాస్టారూ. ఒకవేళ శనివారం కనబడకపోతే జామపండ్ల సీజన్ అని అర్థం చేసుకోండి, పిల్లలు కొండ మీదికి లాక్కెళ్తారు.